వలపు వాసనే... వల!

బంగినపల్లి కోతలు జోరుగా సాగుతుంటాయి. రసాలు అప్పుడప్పుడే రంగు తిరుగుతుంటాయి. ఆ రోజుల్లో నూజివీడు చుట్టుపక్కల ఏ మామిడితోటలోకి వెళ్లినా కొమ్మకి వేలాడుతూ ఓ ప్లాస్టిక్‌ బుట్టో, నీళ్ల సీసాకి కంతలు పెట్టి చేసిన ఉచ్చో కనిపిస్తుంది. మూత తీసి చూస్తే అడుగున గుప్పెడు ఈగలు చచ్చి పడుంటాయి. వాటిని చూడగానే రైతు గుండె కుదుటపడుతుంది. 'ఇన్ని చచ్చాయంటే ఇక కాయకి ఢోకా లేదు' అనుకుంటాడు.

పదిరోజులు తిరిగేసరికి కథ మారిపోతుంది. పైకి నిగనిగలాడుతున్న పండుని కోస్తే లోపల గుజ్జులో తెల్లటి పురుగులు లుకలుకలాడుతుంటాయి. చెట్టు కింద రాలిన కాయలు కుళ్లి వాసనేస్తుంటాయి. ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. పండు లోపల చేరిన ఈ దొంగని పట్టడం నున్న మార్కెట్లో తలపండిన వ్యాపారికి కూడా కష్టమే.

సీసా నిండా ఈగలున్నాయి. కాయ నిండా పురుగులూ ఉన్నాయి. అదెలా?

ఆ చచ్చిన ఈగల్ని అరచేతిలో పోసుకుని పరీక్షగా చూస్తే సగం జవాబు దొరుకుతుంది. ఆడ ఈగకి పొట్ట చివర సూదిలా మొనదేలిన అవయవం ఉంటుంది. దాంతోనే అది కాయ తొక్కకి కన్నం పెట్టి లోపల గుడ్లు పెడుతుంది. ఉచ్చులో పడినవాటిలో ఆ సూది ఉన్న ఈగ దాదాపు కనిపించదు. అంటే చచ్చినవన్నీ మగవే! కాయని పాడుచేసే ఆడవి తోటలో హాయిగా తిరుగుతూనే ఉన్నాయి.

మరి ఆ మందు మగ ఈగల్నే ఎందుకు లాగుతోంది? అందులోనూ అన్ని మగ ఈగల్నీ ఎందుకు లాగడం లేదు? ఈ రెండు ప్రశ్నలకీ జవాబు తెలియాలంటే ఈగ ఒంట్లోకి తొంగి చూడాలి. దానికంటే ముందు ఓ చేతిరుమాలు కథ వినాలి.

దోమల కోసం రాస్తే...

అది బ్రిటిష్‌ వాళ్ల కాలం. బీహార్‌లోని పూసాలో అప్పట్లో పెద్ద వ్యవసాయ పరిశోధన సంస్థ ఉండేది. అక్కడ ఫ్రాంక్‌ హౌలెట్‌ అనే కీటక శాస్త్రవేత్త పనిచేసేవాడు. ఆయన పొరుగింటాయన దోమలు దగ్గరికి రాకుండా చేతిరుమాలుకి సిట్రొనెల్లా నూనె, అదే నిమ్మగడ్డి జాతి గడ్డి నుంచి తీసే నూనె రాసుకున్నాడు. దోమల సంగతేమోగానీ ఈగలు మాత్రం గుంపులుగా వచ్చి ఆ రుమాలు మీద వాలడం మొదలెట్టాయి. ఇంకొకరైతే విసుక్కుని రుమాలు విసిరికొట్టేవారే. హౌలెట్‌ మాత్రం ఈగల్ని పట్టి చూశాడు. అవి పండు ఈగలు. పైగా అన్నీ మగవి!

ఈ సంగతిని ఆయన 1912లో ప్రచురించాడు. నూనెలో ఉన్న రకరకాల పదార్థాల్లో ఏది ఈగల్ని లాగుతోందో ఒక్కొక్కటిగా పరీక్షిస్తూ పోయాడు. 1915 నాటికి తేలిన పేరు మిథైల్‌ యూజినాల్‌. ఇవాళ నూజివీడు తోటల్లో చెక్కముక్కకి పట్టించో, నీళ్లలో కలిపో, కొద్దిగా పురుగుమందు చేర్చి వేలాడదీస్తున్నది ఈ పదార్థాన్నే. వందేళ్లు దాటినా మామిడి ఈగని లాగడంలో దాన్ని మించింది రాలేదు.

మన పల్లెల్లో ఈ ఉచ్చుల్ని కూడా 'లింగాకర్షక బుట్టలు' అనే అంటుంటారు. నిజానికి ఇక్కడే చిన్న తిరకాసు ఉంది. వరిలో కాండం తొలిచే పురుగుకీ, పత్తిలో గులాబీ రంగు పురుగుకీ పెట్టే బుట్టల్లో ఉండేది ఆడ రెక్కల పురుగు వాసన. ఆడది పిలుస్తోందనుకుని మగది వచ్చి పడుతుంది. అలాంటి పిలుపు వాసనల్నే ఫెరోమోన్లు అంటారు. ఆ పేరు పెట్టింది 1959లో. అదే సంవత్సరం జర్మనీ శాస్త్రవేత్త అడాల్ఫ్‌ బ్యూటెనాంట్‌ బృందం పట్టుపురుగు ఫెరోమోన్‌ని విడదీసి చూపించింది. అందుకోసం దాదాపు 5 లక్షల ఆడ రెక్కల పురుగులు కావాల్సి వచ్చాయి. ఒక్కో పురుగు ఒంట్లో ఆ వాసన అంత తక్కువగా ఉంటుందన్నమాట.

మామిడి ఈగ సంగతి అలా కాదు. మిథైల్‌ యూజినాల్‌ ఆడ ఈగ వాసన కాదు. ఏ ఈగ వాసనా కాదు. అది మొక్కల్లో ఉండే పదార్థం. మన పెరట్లోని తులసిలో కూడా ఉంటుంది. తులసాకుని నలిపి వాసన చూస్తే ముక్కుకి తగిలే ఘాటులో దాని వాటా కూడా ఉండొచ్చు. అందుకే తులసాకు నూరి కొబ్బరిచిప్పలో వేసి పండు ఈగలకి ఎరగా పెట్టే పద్ధతీ మన దేశంలో ఉంది.

మరి మొక్కల్లోని పదార్థం కోసం మగ ఈగ ప్రాణాలకి తెగించి ఎందుకు వస్తుంది? తిండి కోసమా? కాదు... పెళ్లి కోసం!

పెళ్లికొడుకు అత్తరు

జపాన్‌ శాస్త్రవేత్త రిత్సువో నిషిదా, మలేసియా శాస్త్రవేత్త కెంగ్‌ హాంగ్‌ టాన్‌ ఈ రహస్యాన్ని ఛేదించడంలో ముందున్నవాళ్లు. మగ ఈగ మిథైల్‌ యూజినాల్‌ని ఆబగా నాకేస్తుంది. అది ఒంట్లోకి వెళ్లి రెండు కొత్త పదార్థాలుగా మారుతుంది. వాటిని మలద్వారం దగ్గరున్న గ్రంథిలో దాచుకుంటుంది. పొద్దువాలి వెలుగు మసకబారే వేళ ఆకు మీద కూర్చుని రెక్కలు విసురుతూ ఆ వాసనని గాల్లోకి వదులుతుంది. ఆ వాసనకి ఆడ ఈగ వస్తుంది. 1988 నాటికే ఈ గ్రంథిలోని పదార్థాల వివరాలు బయటికొచ్చాయి.

అంటే మిథైల్‌ యూజినాల్‌ అత్తరు కాదు, అత్తరు తయారీకి ముడిసరుకు. అది దొరికిన మగ ఈగ పెళ్లిచూపుల్లో ఒక మెట్టు పైనుంటుందని హవాయిలో టాడ్‌ షెల్లీ చేసిన ప్రయోగాలు చూపించాయి. దాన్ని తిన్న మగవాటికీ తినని మగవాటికీ పోటీ పెడితే తిన్నవాటికే ఎక్కువ ఆడ ఈగలు జతకట్టాయి. ఇంకో లాభం కూడా ఉంది. అది తిన్న ఈగని నోట పెట్టుకున్న బల్లికి ఆ రుచి నచ్చదట! ఒకే సరుకుతో అటు వలపూ, ఇటు కాపలా.

అందుకే ఆ వాసన తగలగానే మగ ఈగకి ఒళ్లు తెలియదు. ఉచ్చులో విషం ఉందో లేదో చూసుకునే తీరిక ఉండదు. ఆడ ఈగకి ఆ ముడిసరుకుతో పని లేదు కాబట్టి అది సీసా వైపు తిరిగి కూడా చూడదు.

మొదటి ప్రశ్నకి జవాబు దొరికింది. మరి అన్ని మగ ఈగలూ ఎందుకు రావు? ఇక్కడే హార్మోన్ల కథ మొదలవుతుంది.

ఈడొస్తేనే గోడు

మట్టిలోని కోశం చీల్చుకుని అప్పుడే బయటికొచ్చిన మగ ఈగ ముందు మిథైల్‌ యూజినాల్‌ పెడితే పట్టించుకోదు. దానికి ఈడు రావాలి. అందుకు వారం దాటి రెండు వారాల దాకా పడుతుంది. ఈలోగా అది మాంసకృత్తులున్న తిండి వెతుక్కుంటూ తిరుగుతుంది. ఆకుల మీది తేనెమంచూ, పక్షుల రెట్టలూ, కుళ్లిన పళ్లూ దాని ఆహారం. ఒంట్లో సత్తువ చేరి ఈడొచ్చాకే ఆ వాసన మీద మోజు పుడుతుంది.

పురుగుకి ఈడొచ్చిందని చెప్పేదెవరు? చాలా కీటకాల్లో ఆ పని చేసేది జువెనైల్‌ హార్మోన్‌. బ్రిటన్‌ శాస్త్రవేత్త విన్సెంట్‌ విగిల్స్‌వర్త్‌ 1930ల్లో దీని జాడ కనిపెట్టాడు. మెదడు వెనకాలే ఉండే ఓ చిన్న గ్రంథి జత దీన్ని తయారుచేస్తుంది. పేరుకి తగ్గట్టే పిల్లపురుగు దశలో ఇది పురుగుని పెద్దది కాకుండా ఆపుతుంది. విచిత్రం ఏమిటంటే రెక్కలొచ్చి పెద్దదయ్యాక అదే హార్మోన్‌ మళ్లీ వచ్చి సంతానం పనులకి పచ్చజెండా ఊపుతుంది. చిన్నప్పుడు 'ఆడపిల్లలతో నీకేం పని' అని కసిరిన తాతే పెద్దయ్యాక పెళ్లిసంబంధాలు చూసినట్టు!

పండు ఈగల్లో దీని పెత్తనం ఎంతో అమెరికాలోని పీటర్‌ టీల్‌ బృందం 2000 సంవత్సరంలో చూపించింది. వాళ్లు పనిచేసింది మన మామిడి ఈగ మీద కాదు, దాని వంశానికే చెందిన కరీబియన్‌ పండు ఈగ మీద. హార్మోన్‌ గ్రంథిని తీసేస్తే మగ ఈగ ఫెరోమోన్‌ తయారీ ఆపేసింది. హార్మోన్‌ లాంటి పదార్థాన్ని ఒంటికి పూస్తే మళ్లీ మొదలెట్టింది. మామూలుగా పట్టే రోజులకంటే ముందే ఈడుకొచ్చింది కూడా.

బెరడు కింద రసాయన శాల

హార్మోన్‌ చిటికేస్తే జన్యువులు ఎలా కదులుతాయో, వాసన ఎలా తయారవుతుందో అడుగడుగునా కళ్లకి కట్టినట్టు చూపించింది మాత్రం ఈగ కాదు... బియ్యపుగింజంత ఉండే బెరడు పెంకు పురుగు. ఉత్తర అమెరికా పైన్‌ అడవుల్లో ఉంటుంది. మామిడితోటకీ దానికీ ఏం సంబంధం అనుకోవద్దు. మామిడి బెరడులోనూ ఆ జాతి పెంకు పురుగు ఒకటుంది. రెండు మిల్లీమీటర్లుండే ఆ పురుగు ఒమన్‌, పాకిస్తాన్‌, బ్రెజిల్‌ దేశాల్లో మామిడి చెట్లని నిలువునా ఎండబెట్టే శిలీంద్రాన్ని మోసుకు తిరుగుతుంది.

పైన్‌ అడవుల్లో జరిగేది ఇంకా పెద్ద విధ్వంసం. కెనడాలోని బ్రిటిష్‌ కొలంబియాలో 1990ల నుంచి చెలరేగిన పెంకు పురుగులు కోటీ 80 లక్షల హెక్టార్ల అడవిని దెబ్బతీశాయి. ఒక్క పురుగు పైన్‌ చెట్టుని ఏమీ చేయలేదు. కన్నం పెట్టగానే చెట్టు జిగురు కార్చి దాన్ని ముంచేస్తుంది. వేల పురుగులు ఒకేసారి మీదపడితే చెట్టు చేతులెత్తేస్తుంది. ఆ వేల పురుగుల్ని ఒకచోటికి పిలిచేదే ఫెరోమోన్‌.

కొన్ని జాతుల్లో ముందు వెళ్లి చెట్టు చూసుకునేది మగది. బెరడు తొలుస్తూ తింటూనే 'రండి, మంచి చెట్టు దొరికింది' అని వాసన వదులుతుంది. 1966లో రాబర్ట్‌ సిల్వర్‌స్టీన్‌, డేవిడ్‌ వుడ్‌ల బృందం పురుగు తొలిచిన రంపపుపొట్టు నుంచి ఆ పదార్థాల్ని విడదీసింది. వాటిలో ముఖ్యమైనది ఇప్స్‌డైనాల్‌.

చాలా ఏళ్లు శాస్త్రవేత్తలు ఏమనుకున్నారంటే, చెట్టు జిగురులోని పదార్థాన్నే పురుగు కాస్త మార్చి ఇప్స్‌డైనాల్‌ చేసుకుంటుందని. మన మామిడి ఈగ చేసే పని లాంటిదే. 1995లో స్టీవెన్‌ సీబోల్డ్‌, గ్యారీ బ్లోంక్విస్ట్‌ తదితరులు ఆ నమ్మకాన్ని తిరగేశారు. గుర్తు పట్టేలా రేడియోధార్మికత చేర్చిన మామూలు అసిటేట్‌ని పురుగుకి ఎక్కించారు. ఆ గుర్తు కాస్తా వెళ్లి ఇప్స్‌డైనాల్‌లో తేలింది. అంటే చెట్టు మీద ఆధారపడకుండా ఆ వాసనని పురుగు తన ఒంట్లోనే మొదటి నుంచీ తయారుచేసుకోగలదన్నమాట. ఆ కార్ఖానా ఉన్నది ఎక్కడో కాదు, దాని పేగులో!

ఇక కార్ఖానాకి తాళం తీసేదెవరు? నెవాడా విశ్వవిద్యాలయంలో బ్లోంక్విస్ట్‌, క్లాస్‌ టిట్టిగర్‌ల బృందం ఏళ్ల తరబడి దీని వెంటపడింది. ఆ వరస ఇలా తేలింది. మగ పురుగు బెరడు తింటుంది. కడుపు నిండగానే మెదడు వెనకున్న గ్రంథి నుంచి జువెనైల్‌ హార్మోన్‌ బయల్దేరుతుంది. అది పేగు కణాల్లో నిద్రపోతున్న కొన్ని జన్యువుల్ని లేపుతుంది. ఆ జన్యువులు ఎంజైముల్ని తయారుచేయిస్తాయి. ఎంజైములు ఒకదాని తర్వాత ఒకటి చేతులు మార్చుకుంటూ అసిటేట్‌ని ఇప్స్‌డైనాల్‌ దాకా నడిపిస్తాయి.

ఆ ఎంజైముల్లో ఒకటి మనకీ బాగా తెలిసిందే. మన కాలేయంలో కొలెస్ట్రాల్‌ తయారీకి పగ్గాలు పట్టేదీ, గుండెజబ్బు ఉన్నవాళ్లు వేసుకునే స్టాటిన్‌ మాత్రలు అడ్డుకునేదీ అదే ఎంజైము. మనిషిలో కొలెస్ట్రాల్‌కి దారితీసే బాటలోనే పురుగు నడిచి, మధ్యలో పక్కసందులోకి తిరిగి అత్తరు చేసుకుంటోంది. ప్రకృతి ఒకే పొయ్యి మీద ఎన్ని వంటలు చేస్తుందో!

తిండి పెట్టకుండా ఒంటికి హార్మోన్‌ పూస్తే చాలు, ఒక జాతి మగ పురుగు ఇప్స్‌డైనాల్‌ గుమ్మరించేస్తుంది. దాని సోదర జాతికి ఆ పప్పులుడకవు. హార్మోన్‌ పూస్తే జన్యువులు లేస్తాయిగానీ కడుపులో తిండి పడందే వాసన సరిగా తయారుకాదు. పక్కపక్క చెట్ల మీదుండే చుట్టాల మధ్యే ఇంత తేడా.

అక్కడితో అయిపోలేదు. చెట్టు నిండిపోయాక 'ఇక రావద్దు' అనే వాసన కూడా కొన్ని పెంకు పురుగులకి ఉంది. సినిమా హాలుకి హౌస్‌ఫుల్‌ బోర్డు పెట్టినట్టు! ఆ పదార్థాన్ని చిన్న సంచుల్లో పెట్టి చెట్లకి తగిలించి పురుగుల్ని దారి మళ్లించే పద్ధతి అమెరికాలో వాడుతున్నారు.

తల కోస్తే మాట బంద్‌

అన్ని పురుగులకీ ఒకే తాళంచెవి పనిచేస్తుందనుకుంటే పొరపాటే. మన కందినీ పత్తినీ పీల్చి పిప్పిచేసిన శనగపచ్చ పురుగుకి అమెరికాలో దగ్గరి చుట్టం ఒకటుంది. దాని ఆడ రెక్కల పురుగు రాత్రిపూటే ఫెరోమోన్‌ తయారుచేస్తుంది. తెల్లారితే ఆపేస్తుంది. రాత్రీ పగలూ తేడా దాని పొట్ట చివరున్న గ్రంథికి ఎలా తెలుస్తోంది?

అశోక్‌ రైనా, జెరోమ్‌ క్లూన్‌ 1984లో దీనికి దారి చూపించారు. తలకీ ఒంటికీ మధ్య దారంతో బిగించి కడితే రాత్రయినా వాసన తయారుకాలేదు. అలాంటి పురుగుకి ఇంకో పురుగు మెదడు సారం ఎక్కిస్తే మళ్లీ తయారైంది. అంటే ఆజ్ఞ మెదడు నుంచే వస్తోంది. 1989లో ఆ ఆజ్ఞాపత్రం చేతికి చిక్కింది. 33 అమైనో ఆమ్లాల గొలుసులా ఉండే చిన్న హార్మోన్‌ అది. జువెనైల్‌ హార్మోన్‌ లాంటిది కానే కాదు.

ఇలా మూడు పురుగులు, మూడు దారులు. పైన్‌ చెట్టు మీది పెంకు పురుగుకి కడుపు నిండాలి. పచ్చపురుగు తల్లికి చీకటి పడాలి. మామిడి ఈగకి ఈడొచ్చి ముడిసరుకు దొరకాలి. వాసన మనకి కనిపించేది ఆఖర్న. దాని వెనక హార్మోన్‌, హార్మోన్‌ వెనక జన్యువు, జన్యువుని లేపే వేళా ఉన్నాయి. ఆ వేళ తెలియకుండా ఉచ్చు కడితే పోస్టు వెళ్లిపోయాక ఉత్తరం డబ్బాలో వేసినట్టే.

చేతులు కాలాక...

ఇప్పుడు మళ్లీ నూజివీడు తోటలోకి వద్దాం.

చాలామంది ఉచ్చు కట్టేదెప్పుడు? రాలిన కాయలో పురుగు కనిపించాక. అప్పటికే ఈడొచ్చిన మగ ఈగలు ఎన్నో ఆడ ఈగలతో జతకట్టి ఉంటాయి. జతకట్టిన ఆడ ఈగకి మళ్లీ మగదాని అవసరం వెంటనే రాదు. దాచుకున్న వీర్యంతోనే వారాల తరబడి గుడ్లు పెడుతుంది. అన్నీ కలిసొస్తే ఒక్క ఆడ ఈగ జీవితకాలంలో వెయ్యికి పైగా గుడ్లు పెట్టగలదు. ఆ దశలో సీసాలో ఎన్ని మగ ఈగలు పడ్డా కాయలకి ఒరిగేదేమీ లేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే.

అందుకే కోతకి నెలన్నర, రెండు నెలల ముందే, కాయ పచ్చిగా ఉన్నప్పుడే ఉచ్చులు కట్టాలంటారు శాస్త్రవేత్తలు. అప్పుడైతే ఈడుకొస్తున్న మగ ఈగ అత్తరు సరుకు వెతుక్కుంటూ బయల్దేరి, పెళ్లికి ముందే ఉచ్చులో పడుతుంది. జత దొరకని ఆడ ఈగ కాయకి కన్నం పెట్టినా ఆ గుడ్లు పొదగవు.

ఇంకో సంగతి. మగ ఈగల్లో సగం చచ్చినంత మాత్రాన గుడ్లు సగానికి తగ్గవు. ఒక్క మగది చాలా ఆడవాటితో జతకట్టగలదు. దాదాపు అన్నిటినీ తుడిచిపెడితేనే ఫలితం. అలా తుడిచిపెట్టిన చోట్లున్నాయి. 1960ల్లో పసిఫిక్‌ సముద్రంలోని రోటా దీవిలో మిథైల్‌ యూజినాల్‌, పురుగుమందు పట్టించిన అట్టముక్కల్ని విమానాల నుంచి వెదజల్లి ఈ ఈగని పూర్తిగా రూపుమాపారు. జపాన్‌ తన దక్షిణ దీవుల్లో ఏళ్ల తరబడి పోరాడి 1986 నాటికి దీన్ని వదిలించుకుంది.

అవి దీవులు, చుట్టూ సముద్రం. నూజివీడు తోటకి చుట్టూ ఉన్నది పక్కవాడి తోట. మధ్యలో ముళ్లకంచె ఉన్నా ఈగకి అది అడ్డు కాదు. ఒక రైతు పద్ధతిగా ఉచ్చులు కట్టి, పక్క రైతు వదిలేస్తే ఇవతల ఖాళీ అయిన చోటికి అవతలి ఈగలు వచ్చి చేరతాయి. జామ, సపోటా చెట్లు కూడా దీనికి ఇళ్లే. మామిడి లేని నెలల్లో అక్కడ కాలక్షేపం చేసి మళ్లీ మామిడికి తిరిగొస్తుంది. ఊళ్లో తోటలన్నీ ఒకేసారి ఉచ్చులు కడితేనే ఆ ఊరు ఒక దీవి అవుతుంది.

చెవిటి ఈగలు పుడితే?

ఉచ్చునే నమ్ముకుంటే ఇంకో ప్రమాదమూ ఉంది. అది జన్యువుల్లో దాగుంది.

మిథైల్‌ యూజినాల్‌ వాసనని మగ ఈగ మీసాల్లోని కొన్ని గ్రాహకాలు పసిగడతాయి. వాటిలో ముఖ్యమైన ఒకదాని జన్యువుని 2018లో చైనా శాస్త్రవేత్తలు నొక్కిపెట్టి చూస్తే మగ ఈగలకి ఆ వాసన మీద మోజు తగ్గింది. అంటే ఈ మోజు పుట్టుకతో వచ్చే జన్యువుల మీద ఆధారపడి ఉంది. ఆ జన్యువుల్లో తేడాలుంటే వాసనకి చలించని మగ ఈగలూ పుడతాయి.

రోజూ ఉచ్చు పెడితే ఏమవుతుంది? మోజున్నవి చస్తాయి, లేనివి బతికి పిల్లల్ని కంటాయి. టాడ్‌ షెల్లీ 1997లో దీన్నే ప్రయోగశాలలో చేసి చూపించాడు. వాసనకి రాని మగ ఈగల్నే ఏరి తరతరాలుగా పెంచితే వాటి సంతానంలో ఆ వాసనకి వచ్చే ఈగలు బాగా తగ్గిపోయాయి. పురుగుమందుకి అలవాటుపడిన పురుగుల్ని మన రైతు చూశాడు. పిలుపుకి చెవిటివైన ఈగల్ని చూడాల్సిన రోజు రాకూడదంటే ఉచ్చుకి తోడు వేరే పనులూ జరగాలి.

ఆ పనులు తాతల నాటివే. రాలిన కాయల్ని ఏరోజుకారోజు ఏరి, లోతుగా గొయ్యి తీసి పూడ్చాలి. కాయలోంచి బయటికొచ్చిన పురుగు చెట్టు కింద మట్టిలోనే కోశం కట్టుకుంటుంది కాబట్టి పాదుల్లో మట్టిని దున్ని ఎండకి పెట్టాలి. ఇవి ఆడా మగా తేడా లేకుండా దెబ్బకొడతాయి. వీటికి ఏ జన్యువూ అలవాటుపడదు. ఈమధ్య కొందరు రైతులు కాయలకి కాగితం కవర్లు తొడుగుతున్నారు. ఖర్చూ శ్రమా ఎక్కువేగానీ కవరు లోపలి కాయకి కన్నం పెట్టడం ఈగ తరం కాదు.

ఈ జాగ్రత్తలు ఒక్క తోట కోసమే కాదు. ఈ ఈగ భయంతోనే జపాన్‌ 20 ఏళ్లు మన మామిడికి తలుపులు మూసి, వేడి ఆవిరి పట్టించే షరతు మీద 2006లో తెరిచింది. 2013లో భారత్‌ నుంచి ఐరోపాకి వెళ్లిన పళ్లూ కూరగాయల్లో 207 సరకుల్లో పండు ఈగలు తదితర పురుగులు పట్టుబడ్డాయి. దాంతో 2014 మే 1 నుంచి ఐరోపా సమాఖ్య మన మామిడిని నిషేధించింది. మామిడికి ఆ నిషేధం తొలగింది 2015 మొదట్లో. ఎవరి తోటలో ఈగ చేరినా దెబ్బ పడేది దేశం మొత్తం మీద.

నూజివీడు ఒకప్పుడు కృష్ణా జిల్లాలో ఉండేది. 2022 నుంచి ఏలూరు జిల్లా అయింది. జిల్లా మారినా చిన్నరసం తీపి మారలేదు. ఆ తీపి కోసం కాచుక్కూర్చున్న ఈగ కూడా మారలేదు.

కొమ్మకి వేలాడే సీసాలో చచ్చిన ఈగల్ని లెక్కపెట్టడం తప్పేం కాదు. కాకపోతే దాన్ని గెలుపు లెక్క అనుకోకూడదు. వారం వారం పెరుగుతున్న ఆ లెక్క 'తోటలో ఈగ ముదురుతోంది, జాగ్రత్తపడు' అని చెప్పే కబురు. మగ ఈగ తనకొచ్చిన కబురుని సరిగా చదువుకోలేక సీసాలో పడింది. రైతు తనకొచ్చిన కబురుని సరిగా చదువుకుంటే... పండు బుట్టలో పడుతుంది!